రెండు వేళ్ల కింద

పన్ను నొప్పిగా ఉంది, డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలి అని ప్రాణస్నేహితురాలు రాగిణికి అబద్ధం చెప్పి, శనివారం పొద్దున్నే నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూకి వచ్చిన పద్మజను పోయిన వారం మనం వెయిటింగ్ రూమ్ గుమ్మంలోనే నిలబెట్టి వదిలేశాం. ఆమె అక్కడ ఆగిపోవడానికి కారణం ఉంది. కిటికీ పక్క కుర్చీలో రాగిణి కూతురు రియా కూర్చుని ఉంది. పెళ్లికూతురు కాబోతున్న ఫ్రెండ్ బ్రైడల్ షవర్ పార్టీకని ఫిలడెల్ఫియా వెళ్తోందని నిన్న సాయంత్రమే రాగిణి ఫోన్‌లో చెప్పిన రియా.

రెండు అబద్ధాలకీ కారణం ఒకటే, దిష్టి. అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు, అయ్యాక అందరికీ స్వీట్లు పంచాలి. ఇల్లు కొన్నా, కడుపుతో ఉన్నా, గ్రీన్ కార్డ్ దగ్గరికొచ్చినా పార్సిప్పనీ ఊళ్లో మనవాళ్ల పద్ధతి ఇదే. కరివేపాకు మొక్క దగ్గర్నుంచి మొగుళ్ల మీద చాడీల దాకా అన్నీ పంచుకునే ఈ ఇద్దరు స్నేహితురాళ్లూ అప్లికేషన్ల సంగతి మాత్రం కడుపులో దాచుకున్నారు. పద్మజ తనది దాచింది. రాగిణి కూతురిది దాచింది. ఎదుటిది అసూయపడుతుందని ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు. అయినా నోరు విప్పలేదు.

అది యాక్సిలరేటెడ్ ప్రోగ్రామ్. ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్లకి నాలుగేళ్ల నర్సింగ్ చదువును ఏడాది పైచిలుకులో కుక్కి చెబుతారు. సీట్లు గుప్పెడు, అప్లికేషన్లు తట్టలకొద్దీ. రియా నిరుడే బయాలజీ డిగ్రీ చేతికి తీసుకున్న పిల్ల. పద్మజ సంగతి వేరు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వదులుకుని, కౌంటీ కాలేజీలో తన కొడుకు కన్నా కాస్త పెద్ద పిల్లల మధ్య కూర్చుని అనాటమీ, కెమిస్ట్రీ మళ్లీ చదివింది. ఎందుకు అంటే ఆమె దగ్గర పెద్ద జవాబేమీ లేదు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయి హాస్పిటల్లో పడి ఉన్నప్పుడు, చిక్కులు పడి గూడులా తయారైన ఆమె జుట్టును ఒక నర్సు గిన్నెలో నీళ్లు తెచ్చుకుని, ఎవరూ చెప్పకుండానే కడిగి దువ్వి జడ వేసింది. ఆ చేతుల్ని పద్మజ మరిచిపోలేకపోయింది, అంతే.

"హాయ్ ఆంటీ," అంది రియా, పట్టుబడ్డ దొంగ నవ్వుతో. "టూత్ పెయిన్‌కి ఇక్కడికి వచ్చావా?"

"నువ్వు బ్రైడల్ షవర్‌కి నల్ల బ్లేజర్ వేసుకొచ్చావా?" అంది పద్మజ పక్కన కూలబడుతూ.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి తలెత్తి చూసేదాకా నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఆ గదిలో కూర్చున్న అందరూ ఆ గుప్పెడు సీట్ల కోసమే వచ్చారు. ఒళ్లో పెట్టుకుని పెంచినంత పని చేసిన పిల్ల, తన సీటుకి పోటీ. ఆ మాట మనసులోకి రాగానే పద్మజకి తన మీద తనకే సిగ్గేసింది.

ఇంటర్వ్యూ జంటలుగా జరుగుతుందని, సంతకం పెట్టిన వరసలో పిలుస్తామని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. ముందు రియా సంతకం పెట్టింది. తరవాత పద్మజ. ఇంకేం కావాలి, ఇద్దరూ ఒకే జంట.

లోపల ప్రొఫెసర్ కాంప్‌బెల్ ఉన్నారు. జమైకా నుంచి ఎప్పుడో వచ్చిన మనిషి, అరవై దాటి ఉంటాయి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. మామూలు ప్రశ్నలు రెండు మూడు అడిగారు. నర్సింగ్ ఎందుకు, ఇంత వేగంగా చదవగలరా, ఇంట్లో సాయం ఎవరున్నారు. పద్మజ తన భర్త తేజేశ్వర్ వంట నేర్చుకుంటున్నాడని చెబితే, ఆవిడ "ఎలా వండుతున్నాడు?" అని అడిగారు. "తింటున్నాం మేడమ్," అంది పద్మజ. ఆవిడ నవ్వారు. పద్మజకి కాస్త ఊపిరి ఆడింది.

ఆ తరవాత ఆవిడ కాగితాలు పక్కకి జరిపేశారు.

"ఇప్పుడొక చిన్న పని. ఎదురెదురుగా కూర్చోండి. ఒకరి నాడి ఒకరు చూడండి, ఒక నిమిషం. నంబర్ తప్పయినా నాకేం పట్టింపు లేదు. లెక్కపెట్టడం మెషీన్ కూడా చేస్తుంది. ఇంకో మనిషిని మీరెలా పట్టుకుంటారో చూడాలి, అంతే."

ముందు రియా చూసింది. చల్లటి వేళ్లు, నాజూకుగా, భయంగా. సరిగ్గానే లెక్కపెట్టింది. తరవాత పద్మజ వంతు వచ్చింది.

రియా చెయ్యి చాపింది. ఆ మణికట్టు మీద ఎప్పుడూ ఉండే స్మార్ట్ వాచ్ లేదు. అది ఉండే చోట చర్మం పట్టీలా తెల్లగా ఉంది. పద్మజ పెద్దగా పట్టించుకోలేదు. బొటనవేలు కింద, ఎముక పక్కన చూపుడువేలు, మధ్యవేలు ఆనించి, గోడ గడియారం వైపు చూసింది.

మొదట ఏమీ తెలియలేదు. ఆమె కంగారే ఆమె వేళ్లలో కొట్టుకుంటోంది. కాస్త ఒత్తిడి తగ్గించింది. అప్పుడు తగిలింది. లోపలి నుంచి ఎవరో మెల్లగా తలుపు తడుతున్నట్టు, ఒకటి, ఇంకొకటి, మరొకటి.

కౌంటీ కాలేజీ ల్యాబ్‌లో పద్మజ గొర్రె గుండెను కోసి చూసింది. నాలుగు గదులూ, కవాటాలూ, పెద్ద రక్తనాళాలూ పేర్లతో సహా బట్టీ పట్టి ఎ గ్రేడ్ తెచ్చుకుంది. కానీ అది ఆగిపోయిన గుండె. ఇది నడుస్తోంది. ముందు పళ్లు ఊడిన వయసు నుంచి చూస్తోందీ పిల్లని. తన డైనింగ్ టేబుల్ మీద హోమ్‌వర్క్ చేసుకుంది, తన సోఫాలో జ్వరంతో పడుకుంది, తన పెరుగన్నం తిని ఇంటికెళ్లి మమ్మీ పెరుగన్నం బాగోదని చెప్పి తన్నులు తిన్నంత పని చేసుకుంది. ఇన్నేళ్లూ ఈ పిల్ల లోపల ఈ పని ఒక్క క్షణం మానకుండా సాగుతూనే ఉందని పద్మజకి ఒక్కనాడూ తట్టలేదు. పుట్టకముందే మొదలైంది. అలిగినా, నిద్రపోయినా, అందరిమీదా అరిచినా ఇది మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది, ఎవరూ చెప్పకుండా, ఎవరి మెప్పూ లేకుండా. ఎదురుగా ప్రొఫెసర్ ఉన్నారన్న సంగతి కూడా ఆమె మరిచిపోయింది. దేవుడి గదిలో దీపం పెట్టినప్పుడు కూడా తనకి ఇంత భక్తి కలిగిన గుర్తు ఆమెకి లేదు.

అంతలో తప్పింది.

వరసగా వస్తున్న దెబ్బల మధ్య ఒకటి రాలేదు. రావలసిన చోట ఏమీ లేదు. ఆ తరవాతి దెబ్బ గట్టిగా, ఆలస్యానికి క్షమించమన్నట్టుగా వచ్చింది. తన వేలు జారిందేమో అనుకుంది. కాసేపటికి మళ్లీ తప్పింది. మళ్లీ గబగబా రెండు, ఒక ఖాళీ. వేళ్లు కదలనివ్వకుండా పద్మజ మెల్లగా తలెత్తి రియా కళ్లలోకి చూసింది.

రియాకి తెలుసు. ఆ కళ్లలో ఆశ్చర్యం లేదు, దొరికిపోయిన భయం ఉంది.

"ఆంటీ, ప్లీజ్," అంది పెదవులు కదిపీ కదపనట్టు. "చెప్పకు. మమ్మీకి తెల్వదు."

తెలుగు రాని ప్రొఫెసర్ కాంప్‌బెల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నిమిషం అయిపోయింది.

"సరే, పద్మజా. నీ వేళ్లకి ఏం తెలిసింది?"

జీవితంలో పద్మజ ఎన్నో ఇంటర్వ్యూలకి వెళ్లింది. వీసా కౌంటర్ ముందు నీళ్లు నమిలింది, క్లయింట్ మేనేజర్ల ముందు లేని అనుభవం ఉందని చెప్పుకుంది. ఈ ప్రశ్నకి రెండు జవాబులు ఆమె నాలుక చివర నిలబడ్డాయి. నంబర్ ఒక్కటి చెప్పి ఊరుకుంటే రియా బతికిపోతుంది, తనకీ సీటు దొరకొచ్చు. ఉన్నదున్నట్టు చెబితే తను ఎంత చురుకైనదో తేలిపోతుంది, పోటీలో ఒకరు తగ్గిపోవచ్చు కూడా. ఆ రెండో ఆలోచన తన బుర్రలోకి ఎలా వచ్చిందో తెలియక పద్మజ బెదిరిపోయింది. తన వేళ్ల కింద ఆ పిల్ల గుండె ఇంకా తడుతూనే ఉంది.

"నంబర్ చెప్పగలను మేడమ్," అంది చివరికి, ఇంగ్లీషులో, మెల్లగా. "మిగతాది ఆమెది. చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. కానీ ఎవరికో ఒకరికి చెప్పకుండా నేను ఆమెను ఇక్కణ్ణుంచి ఇంటికి పోనివ్వను."

రియా కళ్లు దించుకుంది. ప్రొఫెసర్ కాంప్‌బెల్ ఏమీ రాసుకోలేదు. లేచి వచ్చి, రియా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ వయసులో మోకాళ్లు నొప్పెట్టే ఉంటాయి, మొహంలో తెలియనివ్వలేదు.

"అమ్మాయీ, ఇంటర్వ్యూ చేసే మనిషిగా నిన్ను నేను ఏమీ అడగను. నీ ఒంటి సంగతి ఈ గదిలో మార్కులకి సంబంధించినది కాదు. నర్సుగా అయితే ఒకసారి చూడనా?"

రియా తల ఊపింది. ఆవిడ ఆ చెయ్యి అందుకున్న తీరు చూసి పద్మజ కళ్లు చెమ్మగిల్లాయి. ఎక్కడ పట్టుకోవాలో ఆ వేళ్లకి ముందే తెలుసు. తడుముకోలేదు, నొక్కలేదు. గడియారం వైపు కూడా చూడలేదు, రియా మొహంలోకే చూస్తూ ఉన్నారు. ఎన్ని వేలమంది మణికట్లు పట్టుకుంటే ఆ నెమ్మది వస్తుందో పద్మజ ఊహకి అందలేదు. తను కోరుకున్నది ఏమిటో ఆ క్షణం దాకా తనకే పూర్తిగా తెలియదనిపించింది.

"ఈ వారంలో డాక్టర్‌కి చూపించు," అన్నారు ఆవిడ లేస్తూ. "భయపడమని చెప్పడం లేదు. చూపించుకో. అంతే."

తలుపు దగ్గర పద్మజ "థాంక్యూ మేడమ్" అంటే ఆవిడ ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, తరవాతి జంట పేర్లు పిలిచారు. సీటు వస్తుందో రాదో ఆ చూపులో వెతికినా దొరకలేదు.

పార్కింగ్ లాట్‌లో మంచు మురికి కుప్పలుగా పేరుకుని ఉంది. పద్మజ తన కార్ తలుపు తీసి, "ఎక్కు" అంది. రియా తన కార్ వైపు చూసి, ఇప్పుడు తప్పించుకోవడం కుదరదని అర్థమై ఎక్కింది. పద్మజ హీటర్ వేసింది.

"ఎప్పట్నుంచి?"

"కాలేజ్‌లో థర్డ్ ఇయర్. వాచ్ అలర్ట్ ఇచ్చింది, ఇర్రెగ్యులర్ రిథమ్ అని. ఈ మధ్య రోజూ ఇస్తా ఉంది. సో... తీసేశాను."

"ఏమిటి తీసేసింది?"

"వాచ్."

పద్మజకి నవ్వాలో చెంప పగలగొట్టాలో తెలియలేదు. "బయాలజీ చదివావు. నర్సు అవుతానంటున్నావు. వాచ్ తీసేస్తే గుండె బాగైపోతుందా?"

"ఆంటీ, నువ్వు మా ఇంట్లో నరసింహ మామ ఫొటో చూశావ్ కదా."

చూసింది. రాగిణి ఇంటి హాల్లో, షటిల్ రాకెట్ భుజాన వేసుకుని నవ్వుతున్న కుర్రాడు. రాగిణి తమ్ముడు. హన్మకొండలో ఒక సాయంత్రం ఆట మధ్యలో కోర్టులోనే పడిపోయాడు, మళ్లీ లేవలేదు. అప్పటికి రియా పుట్టలేదు. ఆ ఫొటోకి రాగిణి దండ వేయనివ్వదు. ఆ ఇంట్లో గుండె అన్న మాట ఎవరూ పైకి అనరు, పాటలో వచ్చినా రాగిణి ఛానల్ మార్చేస్తుంది.

"మమ్మీకి చెప్తే షి విల్ డై, ఆంటీ. నిజంగా. నాకు కోల్డ్ వస్తేనే రాత్రంతా నా రూమ్ బయట కూర్చుంటది." రియా హీటర్ ముందు చేతులు పెట్టుకుంది. "డాక్టర్‌కి వెళ్తే డాడీ ఇన్సూరెన్స్ మీదే వెళ్లాలి. బిల్లు పేపర్ ఇంటికి వస్తది. అందుకే వెళ్లలేదు. ఫస్ట్ సీట్ రానీ అనుకున్నాను. మమ్మీ ఒక్కసారి హ్యాపీ అయినాక చెప్తాను అనుకున్నాను."

ఇంతవరకూ కోపంతో బిగుసుకుని ఉన్న పద్మజ ఆ మాటకి కరిగిపోయింది. ఈ పిల్ల తన కోసం దాచలేదు, తల్లి కోసం దాచింది. ఇన్నాళ్లూ ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా, తన మణికట్టు తనే పట్టుకుని చూసుకుంటూ ఉండి ఉంటుంది. ఇరవై రెండేళ్ల పిల్లకి ఇంత గుండె నిబ్బరం ఎక్కడిదని పద్మజ ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యపోతూనే గట్టిగా మాట్లాడింది.

"విను. సోమవారం నేను కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. నేనే డ్రైవ్ చేస్తాను. పేపర్ ఇంటికొస్తే రానీ. మీ అమ్మకి నువ్వే చెప్పాలి, నేను కాదు."

"డెసిషన్ వచ్చిన రోజు చెప్తాను. సీట్ వచ్చినా, రాకపోయినా. ప్రామిస్, ఆంటీ."

"డాక్టర్ ప్రమాదం అంటే ఆ రోజే చెప్పాలి."

"ఓకే."

రియా చెయ్యి చాపింది. పద్మజ ఆ చెయ్యి అందుకుంది. అలవాటు ఇంకా కాలేదు గానీ రెండు వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి వెళ్లాయి.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో పద్మజకే తెలియాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో తన పేరు కింద "అండర్ రివ్యూ" అన్న రెండు మాటలు తప్ప ఏమీ కనిపించేది కాదు. పొద్దున లేచి అదే చూసేది, బియ్యం కడిగి అదే చూసేది. తేజేశ్వర్ అయితే ఆమె ఫోన్ పట్టుకున్న తీరు చూసి, మాట్లాడకుండా టీ పెట్టడం నేర్చుకున్నాడు. ఇక రాగిణి ఉంది చూశారూ, ఆమె ప్రేమ మరీ పెద్ద శిక్ష. "పన్ను ఎట్లుందే? రూట్ కెనాల్ అయితదేమో, మంచిగ చూపించుకో" అని రోజూ ఫోన్. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందులో సకినాలు ఒక చెంపతోనే నమలాల్సి వచ్చింది పద్మజకి. అది చూసి ప్లేటు చాటున రియా ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

రియా ఎదురుచూస్తున్నది కాలేజీ జవాబు ఒక్కటే కాదు కదా. కార్డియాలజిస్ట్ ఆమె ఛాతీ మీద బిళ్లంత మానిటర్ అంటించి పంపాడు. రెండు వారాలు అది తీయకూడదు. మెడ దాకా స్వెటర్లు వేసుకుని తిరిగింది. చలి ఎక్కువైందని రాగిణి పోయి ఇంకో స్వెటర్ కొనుక్కొచ్చింది.

రిపోర్ట్ చూశాక డాక్టర్ సూటిగా చెప్పాడు. గుండెలో విద్యుత్తు నడిచే దారిలో తేడా ఉంది. ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదు. మందులున్నాయి, చిన్న ప్రొసీజర్‌తో నయం చేసే వీలూ ఉంది. చదువుకోవచ్చు, నర్సు కావచ్చు. ఆ మాట విని రియా ఏడ్చేసింది, పద్మజ కూడా ఏడ్చింది. అప్పుడు ఆయన, "మీ మామయ్య సంగతి చెప్పారు కదా. ఇలాంటివి కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి దిగుతాయి. మీ అమ్మగారిని కూడా ఒకసారి చూపించండి" అన్నాడు.

మార్చి నెల, శుక్రవారం మధ్యాహ్నం. రాగిణి ఇంటి కిచెన్ టేబుల్ మీద ఇండియన్ స్టోర్ వాళ్ల కరపత్రాలు పరిచి, ముగ్గురూ కూర్చుని మెంతికూర తుంచుతున్నారు. రాగిణికి మధ్యాహ్నం మీటింగ్ క్యాన్సిల్ అయింది. ఆ సంతోషంలో తన మేనేజర్‌ని అనుకరిస్తూ నవ్విస్తోంది. రియా ఫోన్ టేబుల్ మీద గర్రుమంది.

రియా చూసింది. చూస్తూనే ఉండిపోయింది. చేతిలో మెంతి కాడ కింద పడింది.

"మమ్మీ," అంది. "వచ్చింది. సీట్ వచ్చింది."

రాగిణి లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. కూతుర్ని గట్టిగా పట్టుకుంది, జుట్టంతా చెరిపేసింది, మెంతి ఆకులు అంటిన చేతులతోనే మొహమంతా నిమిరింది. ఆ ఇంటి గోడలు ఇంత సంబరం ఎన్నాళ్లకి చూశాయో. అప్పుడు ఆమెకి పద్మజ గుర్తొచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని తిరిగింది.

"పద్మా, నీకు చెప్పలే. రియా నర్సింగ్‌కి పెట్టింది. దిష్టి తగుల్తదేమోనని... నీ దిష్టి కాదే, ఉట్టిగనే. ఏమనుకోకు."

"నేను కూడా నీకు ఒకటి చెప్పలేదు," అంది పద్మజ. "తరవాత చెప్తాలే. ముందు రియా మాట విను."

రియా నిలబడే ఉంది. సీటు వచ్చిన వెలుగు మొహంలో ఇంకా ఉంది. దానితోపాటు మరొకటి కూడా ఉంది. తప్పించుకునే దారులన్నీ తనే మూసుకుని, మాట నిలబెట్టుకోవడానికి సిద్ధపడ్డ మనిషి మొహం అది. పద్మజ ఆ పిల్లను చూసి మనసులోనే చేతులు జోడించింది.

"మమ్మీ, క్లాసెస్ స్టార్ట్ అయ్యే ముందు డాక్టర్ హెల్త్ క్లియరెన్స్ ఇవ్వాలి. ఇస్తాడు. అడిగాను. కానీ ముందు నీకు తెలవాలి." తల్లి చెయ్యి తీసుకుని, రెండు వేళ్లు తన మణికట్టు మీద పెట్టుకుంది. "ఇక్కడ పట్టుకో. మాట్లాడకు. జస్ట్ పట్టుకో."

రాగిణి నవ్వుతూనే పట్టుకుంది. ఏదో నర్సు ఆట ఆడిస్తోంది అనుకుంది పాపం. ఆమె వేళ్లు నిలకడగా ఉన్నాయి. తరవాత పెదవుల మీది నవ్వు ఒక్కొక్క గీతే చెరిగిపోయింది.

ఆమె అరవలేదు. పద్మజ అరుస్తుందనుకుంది, కూలబడి గుండెలు బాదుకుంటుందనుకుంది. రాగిణి మాత్రం కళ్లు మూసుకుని, ఎక్కడో చాలా దూరంలో ఉన్నదేదో వింటున్నట్టు నిలబడింది.

"మా నర్సింహ చిన్నప్పుడు నా చెయ్యి గుంజి గుండె మీద పెట్టుకునేటోడు," అంది కళ్లు తెరవకుండానే. "అక్కా, నా గుండె ఆగి ఆగి కొడ్తది సూడు అని నవ్వేటోడు. మేం గమ్మత్తు అనుకున్నం. అమ్మకు కూడ చెప్పలే. నేనెవ్వరికీ చెప్పలే, పద్మా."

"మమ్మీ, నాకు ఏం కాదు. డాక్టర్ చెప్పాడు. ఫిక్స్ చేస్తారు. మమ్మీ, నన్ను చూడు."

రాగిణి కళ్లు తెరిచి కూతుర్ని చూసింది. ఇన్నేళ్లూ ఏ మాటకి భయపడి ఛానళ్లు మార్చుకుందో ఆ మాట ఇప్పుడు ఆమె వేళ్ల కిందే ఉంది. అయినా వేళ్లు తీయలేదు. పట్టు విడిస్తే ఆగిపోతుందేమో అన్నట్టు, కూతురి మణికట్టు అలాగే పట్టుకుని ఉంది. ఈ మనిషికి చెబితే చచ్చిపోతుందనే ఇన్నాళ్లూ రియా దాచింది.

కాసేపటికి రాగిణి టేబుల్ అంచుకి ఒరిగింది. పద్మజ గబుక్కున కుర్చీ లేపి వెనక వేసి, "కూర్చో, రాగిణీ. మెల్లగా" అని ఆమె రెండో చెయ్యి పట్టుకుంది. కూర్చోబెట్టింది. ఊరికే పట్టుకున్న చెయ్యే అది. ఈ మధ్య అలవాటైపోయిన రెండు వేళ్లు బొటనవేలి కిందికి జారాయి.

అదే సమయంలో కుర్చీకి తగిలించిన పద్మజ హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ మోగడం మొదలైంది. రియా తలెత్తి చూసింది. ఎవరి ఫోనో, ఎందుకు మోగుతోందో ఆ గదిలో ఇద్దరికి తెలుసు.

"ఆంటీ, నీది," అంది రియా. "ఆంటీ, చూసుకో. కాలేజ్ నుంచే అయ్యుంటది."

పద్మజ కదల్లేదు. ఇన్ని వారాలు ఏ జవాబు కోసం అన్నం సహించక తిరిగిందో ఆ జవాబు చేతికందే దూరంలో మోగుతోంది. ఆమె మాత్రం రాగిణి మణికట్టు మీది రెండు వేళ్లనే చూస్తోంది.

రెండు దెబ్బలు. ఒక ఖాళీ. ఆలస్యంగా, గట్టిగా, ఇంకొకటి.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. పద్మజ వేళ్లు తీయలేదు.